బాన్సువాడ సడకులు - మా తండ్రిగారి 39 ఏండ్ల కొలువు

ఈ శతవార్షిక సంచికకు మీ కుటుంబము తరపున ఏదైనను వ్రాయుడని సంఘ పెద్దలు అడిగినప్పుడు మేము కొంత వెనుకాడితిమి. మా ఇంట గురువులు లేరు, ఉపదేశకులు లేరు, మిషను బడిలో చదువు చెప్పినవారును లేరు. మా తండ్రిగారు రోడ్డు మేస్త్రీ. 1957 నుండి 1996 వరకు బాన్సువాడ చుట్టుపట్ల సడకుల మీద కంకర పరచి, డాంబరు పోసి, గుంతలు పూడ్చి సంసారమును ఈడ్చినవారు. ఈ మాటే చెప్పగా పెద్దలలో ఒకరు నవ్వి, "గా సడక్ మీదికెల్లే గదా మనమందరం గుడికొచ్చింది, గదే రాయుండ్రి" అన్నారు. కనుక మేము అన్నదమ్ములము, అక్కచెల్లెండ్రము ఐదుగురము కూర్చుండి, ఒకరి జ్ఞాపకమును మరియొకరు సరిదిద్దుకొనుచు ఈ వ్యాసమును వ్రాసితిమి. కొన్నిచోట్ల మాలో మాకు ఏకాభిప్రాయము కుదరలేదు. అట్టివానిని విడిచితిమి.

బాన్సువాడకు నాడు రైలు లేదు, నేడును లేదు. సికింద్రాబాదు నుండి మన్మాడు పోవు రైలు దారి కామారెడ్డి, నిజామాబాదుల మీదుగా పోయినది. దాని కొమ్మ ఒకటి బోధను వరకు వచ్చి ఆగినది. కనుక ఈ ఊరికి మిల్లు యంత్రమైనను, బడి పుస్తకమైనను, పెండ్లివారైనను, రోగియైనను సడకు మీదనే రావలెను, సడకు మీదనే పోవలెను. బోధను, నిజామాబాదుల వైపు ఒక దారి, ఎల్లారెడ్డి మీదుగా మెదకునకు ఒకటి, కామారెడ్డికి ఒకటి, పిట్లము వైపు ఒకటి. మా తండ్రిగారి జీవితమంతయు ఈ దారుల మీదనే గడచినది.

మా తాత నిజాంసాగరు పనిలో తట్ట మోసినవాడు. మంజీర నది మీద ఆ కట్ట 1923లో మొదలై 1931లో ముగిసినది. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు అను ఇంజనీరుగారి పేరు దానితో పాటు చరిత్రలో నిలిచినది, అది న్యాయమే. కట్ట తయారైన పిమ్మట కాలువలు బాన్సువాడ, వర్ని, బోధను పొలములకు పారినవి. కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి క్యాంపులు వేసికొని వరి, చెరకు పండించిరి. బోధను వద్ద శక్కర్‌నగరులో నిజాము చక్కెర కర్మాగారము 1930ల చివర లేచినది (అది 2015లో మూతపడినది). నీరు వచ్చెను, పంట వచ్చెను, పంటతోపాటు బండ్లు వచ్చెను. ఆ బండ్ల బరువు మోయగల దారులు మాత్రము అప్పటికి తక్కువ.

అదే కాలమున, 1932 జూన్‌లో, నిజాము ప్రభుత్వపు రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. నేటి ఆర్.టి.సి.కి మూలము అదే. మోటారు తిరుగవలెనన్న గట్టి సడకు కావలెను. బ్రిటిషు ఇండియాలో 1927లో వేసిన జయకర్ కమిటీ సలహాపై పెట్రోలు సుంకములో కొంత భాగమును రోడ్లకు ప్రత్యేకించి 1929లో కేంద్ర రోడ్డు నిధిని ఏర్పరచిరి. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు పుట్టినది. 1943లో నాగపూరున ఇంజనీర్లు సమావేశమై, బాగుగా పంటలు పండు ప్రాంతములో ఏ గ్రామమును పెద్ద రోడ్డుకు ఐదు మైళ్ల కన్న దూరమున ఉండరాదని తలపెట్టిరి. ఇవన్నియు మా తండ్రిగారికి తెలియని సంగతులు. వారికి తెలిసినది ఒక్కటే: 1957లో, 19వ ఏట, తామీరాత్ వారికి మనుషులు కావలెనని విని పోయి నిలుచున్నారు. అప్పటికి తామీరాత్ పేరు పోయి పి.డబ్ల్యు.డి. అయినది గాని మా ఊరివారు చాల కాలము పాత పేరుతోనే పిలిచెడివారు.

మొదట వారికి దొరికినది కంకర కొట్టు పని. గుట్ట నుండి బండలు వచ్చును. వానిని సుత్తితో పగులగొట్టి, రోడ్డు పక్క కుప్పలు పెట్టి, కొలత ఇచ్చి, కొలతకు కూలి తీసికొనవలెను. ఓవర్సీరుగారి చేతిలో రెండున్నర అంగుళముల ఇనుప కడియము ఉండెడిది. రాయి ఆ కడియములో నుండి దూరిపోవలెను, దూరకున్న మరల కొట్టవలెను. ఈ చిన్న రాళ్ల శాస్త్రమునకు స్కాట్లండు దేశస్థుడైన మెకాడం (1756-1836) అను ఆయన మూలపురుషుడు. ఆయనకు ముందు అడుగున పెద్ద బండలు పేర్చిననే గాని రోడ్డు నిలువదని నమ్మిక. నేల ఆరియుండి, నీరు బయటికి పోవు ఏర్పాటు ఉన్నచో చిన్న రాళ్లే ఒకదానినొకటి పట్టుకొని గట్టిపడునని ఆయన చెప్పెను. మా తండ్రిగారికి ఆయన పేరు తెలియదు గాని, ఆయన చెప్పిన సారమంతయు తెలియును. "రోడ్డును పాడు జేసేది బండి గాదు బిడ్డా, నీళ్లు. నీళ్లకు తొవ్వ సూపిస్తే సడక్ బతుకుతది" అని వారు మాకు ఎన్ని పర్యాయములు చెప్పిరో లెక్కలేదు.

ఆ రోజుల పనిని చూడని పిల్లలకొరకు కొంచెము వివరముగా వ్రాయుదుము. ముందుగా నేలను చదును చేసి మొరము పరచుదురు. పిట్లము, మద్నూరు వైపు రేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు పర్రెలు వాయును గనుక అక్కడ మొరము మందముగా వేయనిదే రోడ్డు ఒక్క ఏడు కూడ నిలువదు. ఎల్లారెడ్డి వైపు చెలక, అది కొంత నయము. మొరము మీద కంకర పరచి ఇంజనుతో తొక్కింతురు. ఎనిమిది పది టన్నుల ఇంజను, మొదట్లో ఆవిరిది, తరువాత డీజిలుది. తొక్కించుటకు ఒక వరుస కలదు. అంచు నుండి మొదలిడి నడుమకు రావలెను. నడుమ నుండి మొదలిడినచో రాళ్లు పక్కకు జరిగి రోడ్డు పళ్లెమువలె అగును, నీరు నిలుచును. నడుమ ఉబ్బు ఎంత ఉండవలెనో చూచుటకు క్యాంబరు బోర్డు అను చెక్క ఉండెడిది. పన్నెండడుగుల రోడ్డునకు అంచుల కన్న నడుమ ఒకటిన్నర అంగుళము ఎత్తు. ఒకటిన్నర అంగుళమే గదా అని మేము నవ్విన, వారు చెంబెడు నీళ్లు తెచ్చి నడిరోడ్డు మీద పోసి, అవి ఎటు పోవుచున్నవో మాకు చూపెడివారు.

పొడిగా తొక్కించిన పిమ్మట సందులలో చిన్న చిప్స్, ఆపై మొరము చల్లి, నీరు పోసి మరల తొక్కింతురు. చాలునో లేదో తెలిసికొనుటకు ఒక రాయిని ఇంజను చక్రము క్రింద వేయుదురు. రాయి రోడ్డులోనికి దిగిన ఇంకను తొక్కించవలెను. దిగక అక్కడికక్కడే పిండియైన పని తీరినట్లు.

ఇంత చేసినను ఇనుప పట్టా బండ్లు దానిని నమలివేయుచుండెను. ఎద్దుబండి చక్రపు పట్టా రెండంగుళముల వెడల్పు ఉండును, బండి నిండ చెరకు. కంకర పిండియై ఎండకాలమున దుమ్ము, వానకాలమున బురద. బోధను దారిలో ఒకే గాడిలో బండ్లు పోయి పోయి రోడ్డు నాగలి చాలువలె అయ్యెడిదని చెప్పెడివారు. కంకర మీద డాంబరు పొర వేయుట ఒక మందు. బండ్లకు టైర్లు వచ్చుట రెండవ మందు. రెండును 1960ల నుండి మెల్లమెల్లగా వచ్చినవి.

డాంబరు వచ్చిన పిమ్మట మా తండ్రిగారు మేస్త్రీ అయిరి. మనము డాంబరు, తారు అని పిలుచునది నిజమునకు పెట్రోలు శుద్ధి చేయగా అడుగున మిగులు బిటుమెను. పీపా ఒకటింటికి 150 కిలోలకు పైగా ఉండెడిది. పీపాను పగులగొట్టి బాయిలరులో వేసి కట్టెలతో కాచవలెను. 150, 160 డిగ్రీల వేడి కావలెను గాని మా తండ్రిగారి కండ్లే కొలమానము. నురుగు లేచిన నీరు కలిసినదని, నీలిపొగ లేచిన మాడినదని గుర్తు. మాడిన డాంబరు మరుసటి ఎండకాలమునకే పెళుసై రాలును. వారి ఎడమ ముంజేతి మీద అరచేయంత మచ్చ ఉండెడిది, అది నురుగు పొంగినప్పుడు పడినది.

ఇక మా అమ్మ సంగతి వ్రాయవలెను. నిజము చెప్పవలెనన్న ఈ వ్యాసము సగము ఆమెదే.

వాన లేని నెలలే డాంబరు నెలలు. కార్తీకము దాటినది మొదలు ఎండకాలము చివరి వరకు క్యాంపు పని. పని ఎక్కడ సాగిన అక్కడ రోడ్డు పక్క చింతచెట్ల క్రింద గుడిసె. కాచిన డాంబరుతో కలిపిన కంకరను ఇనుప గమేళాలలో నింపి నెత్తిన మోసికొనిపోయి దంతె పట్టినవాని ముందు వేయుట స్త్రీల పని. నెత్తిన గోనె చుట్ట, దాని మీద పొగలు గ్రక్కు గమేళ. కాళ్లకు గోనెపట్టలు చుట్టుకొని, వాని మీద టైరు చెప్పులు. సాయంకాలము గ్యాసునూనెతో కాళ్లు తుడుచుకొనినను గోళ్ల సందుల నలుపు పోయెడిది కాదు. మాలో ముగ్గురము చింతకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో పెరిగినవారమే. మా తండ్రిగారు గట్టిగా కసరుకొనునది పనివారిని కాదు, ఉయ్యాల వైపు పొగ మళ్లించినందుకు గాలిని.

అమ్మకు ఆనాడు దొరికినది మగకూలి కన్న తక్కువ కూలి. 1976లో సమాన వేతన చట్టము వచ్చినది. కాగితము మీద రెండును ఒకటి అయినవి. అయితే ఆమె పేరు ఆ కాగితము మీద ఉండవలెను గదా. మస్టరు పుస్తకము వ్రాయునది ఆఫీసువారు, పేర్లు చెప్పునది మేస్త్రీ. ఒకే ఇంటి పేర్లు రెండున్న నలుగురు వేలెత్తి చూపుదురని మా తండ్రిగారికి భయము. పది మంది ఆడకూలీలకు మంజూరైనప్పుడు అమ్మ పేరు పదవదిగా చెప్పెడివారు. ఎనిమిది మందికి తగ్గించినప్పుడు మొదట కొట్టివేయించునది ఆమె పేరే. పేరు ఉన్నను లేకున్నను ఆమె పనికి పోవుట మానలేదు. చేతి క్రింద మనిషి తక్కువయిన మేస్త్రీ పని సాగదు గదా. ఎవరి తొమ్మిదవ నెలలోనో పేరు పోయెడిది, మరల మూడు నాలుగు నెలలకు చేరెడిది. ఐదుగురము ఉన్నాము గనుక ఐదు పర్యాయములైనను అట్లు జరిగియుండును. దానిని ఎవరును అన్యాయమని అనలేదు, అమ్మ కూడ అనలేదు.

1979 వేసవిలో జరిగినది మా ఇంటి చరిత్రలో పెద్ద మలుపు. ఏ దారి, ఎవరి గుత్త అని వ్రాయము. ఒక గుత్తేదారు కొంత దూరము డాంబరు పొర వేయించుచుండెను. ఇరువది మిల్లీమీటర్ల పొరకు పది చదరపు మీటర్లకు 14.6 కిలోల డాంబరు పట్టవలెనని లెక్క, అడుగుపూత, పైపూత గాక. అనగా ఒక పీపా సుమారు నూరు చదరపు మీటర్లకు వచ్చును. మా తండ్రిగారికి చదువు నాలుగవ తరగతి, కాని ఈ లెక్క నోటికి వచ్చును. కంకర రంగు చూచి వారికి అనుమానము కలిగినది. నల్లగా నిగనిగలాడవలసినది బూడిదరంగున ఉన్నదట. ఒక రాత్రి మా పెద్దన్నను వెంటబెట్టుకొని కందిలి చేతికిచ్చి ఖాళీ పీపాలు లెక్కపెట్టించిరి. అన్నకు అప్పుడు పన్నెండేండ్లు. రెండు పర్యాయములు లెక్కించినను పరచిన రోడ్డునకు కావలసిన పీపాలలో మూడవ వంతు లేవు. మరునాడు పై అధికారితో చెప్పిరి.

ఆ మరుసటి నెలలో వారిని మంజీరకు ఆవల, మద్నూరు వైపు సెక్షనుకు మార్చిరి. ఎవరును కోపపడలేదు, సంజాయిషీ అడుగలేదు. కాగితము ఒకటి వచ్చినది, అంతే. ఆ వానకాలమే రోడ్డు లేచిపోయినది, దానికొరకును ఎవరినీ ఎవరును అడుగలేదు. మా తండ్రిగారు మూడేండ్లు అక్కడ ఒంటరిగా గుడిసెలో ఉండి నెలకొకసారి వచ్చెడివారు. ఇక్కడ క్రొత్త మేస్త్రీ వద్ద అమ్మ పేరు మస్టరుకు ఎక్కలేదు. ఆమె నాట్లకు, కలుపులకు కూలికి పోయినది. చిన్నవాండ్లను చూచుటకు మనిషి కావలెనని మా పెద్దక్క ఏడవ తరగతితో బడి మానినది. ఈ వాక్యమును వ్రాయుడని అక్కయే చెప్పినది. "బాపు జేసింది తప్పని నేనననీకి లేదు, కని నా సదువు గా పీపాల్లనే పోయింది, గది గూడ రాయుండ్రి" అన్నది. తండ్రిగారి నీతిని పొగడుచు మేము పుట వ్రాయబోగా ఆమె మమ్ములను ఆపినది.

1982లో తిరిగి బాన్సువాడకు వచ్చిరి. అమ్మ మరల గమేళ ఎత్తినది. 1988లో మోకాళ్లు పట్టివేసి పని మానినది.

1994 ఏప్రిల్ 22న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 212 నెంబరు జి.ఓ. ఇచ్చినది. 1993 నవంబరు 25 నాటికి ఐదేండ్లు ఎడతెగక పనిచేసి, ఆ నాటికిని పనిలోనున్న రోజుకూలీలను, ఖాళీలను బట్టి పర్మనెంటు చేయవచ్చునని దాని సారము. ఆ వార్త విన్ననాడు మా ఇంట పండుగవలె ఉండెను. మా తండ్రిగారు తెల్ల ధోవతి కట్టుకొని ఆఫీసునకు పోయి పాత మస్టరుల నుండి అమ్మ పని వివరములు వ్రాసి ఇప్పింపుడని అడిగిరి. అక్కడి గుమాస్తా మంచివాడు, వెదకి తీసెను. ఇరువది ఏండ్లకు పైబడిన కాలములో ఆమె పేరు వచ్చును, పోవును, మరల వచ్చును. ఒక్క ఐదేండ్లయినను వరుసగా లేదు. ఉన్నను 1988లోనే పని మానినది గనుక ఆ తేదీకి ఆమె లెక్కలోనికి రాదు. ఈ రెండవ సంగతి మా తండ్రిగారు ముందే ఎరుగుదురు, అయినను పోయిరి. ఖాళీలు చూచి ఇంటికి వచ్చి, అన్నము ముందు కూర్చుండి, "నా నోటితోటే కొట్టేయించిన" అన్నారు. అమ్మ ఏమియు అనక చారు వడ్డించినది. ఆ తరువాత ఆ మాట ఇంట ఎవరును ఎత్తలేదు. మేము ఇప్పుడు ఎత్తుచున్నాము.

1996లో, 58వ ఏట, మా తండ్రిగారు రిటైరు అయిరి. పూలదండ వేసిరి, గోడ గడియారము ఇచ్చిరి. పింఛను వచ్చినది. వారు 2011లో పోయిన పిమ్మట కుటుంబ పింఛను అమ్మకు వచ్చినది. శాఖ కాగితములలో ఆమె పేరు తెంపు లేక నెలనెల వచ్చినది ఆ ఎనిమిదేండ్లే.

రిటైరైన పిమ్మటను వారికి సడకు పట్టింపు పోలేదు. క్రిస్మసునకు మేమందరము బస్సెక్కి ఎల్లారెడ్డి మీదుగా మెదకు గుడికి పోయెడివారము. 1914 నుండి 1924 వరకు పాస్నెట్ దొరగారు ఆ గుడిని కట్టించి కరవునాటి జనమునకు పనియు కూడును కల్పించిన సంగతి మన సంఘములో చిన్నపిల్లలకును తెలిసినదే. మా తండ్రిగారు దారి పొడవునా కిటికీ వదలెడివారు కారు. ఇక్కడ మోరి పూడినది, అక్కడ అంచు మట్టి కోసుకొనిపోయినది అని లెక్కపెట్టుచు, కీర్తన పాడుచున్న పిల్లలను నిలిపి చూపెడివారు. పక్క కాలువను పూడ్చి మడిలోనికి నీరు మళ్లించుకొనిన రైతుతో బస్సు దిగి కొట్లాడిన దినము కూడ ఉన్నది. బస్సు వారికొరకు ఆగినది. కండక్టరుకును వారు పరిచయమే.

ఇప్పుడు కాలము మారినది. కాచుట, కలుపుట, పరచుట అన్నియు యంత్రములే, నెత్తిన గమేళ లేదు. మదురైలో త్యాగరాజరు కళాశాల ఆచార్యుడు వాసుదేవన్‌గారు పారవేసిన ప్లాస్టిక్కును డాంబరు కంకరలో కలుపు పద్ధతి కనిపెట్టినందుకు 2018లో పద్మశ్రీ పొందిరి. మెదకు, ఎల్లారెడ్డి, బాన్సువాడ, రుద్రూరు దారి ఇప్పుడు 765-డి జాతీయ రహదారి. మా ఊరు 2016 అక్టోబరు 11 నుండి కామారెడ్డి జిల్లాలో చేరినది.

మిషన్ భగీరథ పైపుల కొరకు ఊరి వెలుపల రోడ్డు అడ్డముగా తవ్వినప్పుడు మేము అమ్మను చూపించుటకు తీసికొనిపోతిమి. గుంత గోడలో పొరలు తేటగా కనబడుచుండెను. పైన నల్లని పొరలు ఒకదాని మీద ఒకటి, వాని క్రింద కంకర, దాని క్రింద ఎర్రని మొరము. అమ్మ చేతికర్రతో నల్లపొరలలో క్రింది దానిని తాకి, "గిది పెద్దోడు ఉయ్యాలల ఉన్నప్పటిది" అన్నది. ఏ గుర్తుతో చెప్పెనో తెలియదు, మేము అడుగలేదు. ఆమె 2019లో కన్నుమూసినది.

మా ఇంట మూడు వస్తువులు మిగిలినవి. రెండున్నర అంగుళముల కంకర కడియము, క్యాంబరు బోర్డు సగము ముక్క, అమ్మ టైరు చెప్పులు. శతవార్షిక ఉత్సవ ప్రదర్శనలో ఉంచుటకు వీనిని ఇచ్చుచున్నాము. చెప్పుల అడుగున డాంబరు ఇంకను అంటియున్నది. ఎండ తగిలిన మెత్తబడి బల్లకు పట్టుకొనును గనుక నీడన ఉంచవలెనని ఉత్సవ సంఘము వారికి మనవి.